వాల్యూమ్ పెంచే ముందు టేప్ తీయండి: లైవ్ సౌండ్‌లో స్పీకర్ ప్లేస్‌మెంట్, అలైన్‌మెంట్ గైడ్

కాలేజ్ ఫెస్ట్ అయినా, వినాయక చవితి మండపం అయినా, ఓపెన్ గ్రౌండ్‌లో రిసెప్షన్ అయినా సీన్ ఒక్కటే. ముందు వరుసలో ఉన్నవాళ్లు చెవులు మూసుకుంటారు. వెనకాల ఉన్నవాళ్లు పక్కవాడిని "ఏమన్నాడ్రా?" అని అడుగుతుంటారు. ఎవరో ఒకరు మిక్సర్ దగ్గరికి వెళ్లి "అన్నా, కొంచెం పెంచు" అంటారు. అన్న పెంచుతాడు. ముందువాళ్ల చెవులు గింగురుమంటాయి, వెనకవాళ్లకి మాట మాత్రం అలాగే ముద్దగా వినిపిస్తుంది.

చాలాసార్లు ఇందులో బాక్సుల తప్పేం ఉండదు. అవే బాక్సులు, అదే ఆంప్, అదే మైక్. వాటిని ఎక్కడ పెట్టారు, ఎటు తిప్పారు, ఒకదాని సౌండ్‌కీ ఇంకోదాని సౌండ్‌కీ మధ్య టైమ్ తేడా ఎంత, ఈ మూడింటి మీదే కథ అంతా నడుస్తుంది. ఈ మూడూ సెట్ చేయడానికి లక్షలు పోసి కొత్త గేర్ కొనక్కర్లేదు. ఒక కొలత టేప్, మీ జేబులో ఉన్న ఫోన్ ఉంటే సగానికి పైగా పని అయిపోతుంది. ఎలాగో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

లెక్కలు సులువుగా ఉండటానికి ఆర్టికల్ మొత్తానికి ఒకే గ్రౌండ్ ఊహించుకుందాం. స్టేజ్ నుంచి ముందు వరుస 3 మీటర్లు, చివరి వరుస 40 మీటర్లు. స్టేజ్‌కి రెండు వైపులా ఒక్కో టాప్ బాక్స్, ఒక్కో బేస్ బాక్స్.

దూరం పెరిగితే ఎంత పోతుంది?

ఇంటర్‌లో ఎంసెట్ కోసం బట్టీ పట్టిన ఇన్వర్స్ స్క్వేర్ లా గుర్తుందా? అదే ఇక్కడ పనిచేస్తుంది. ఓపెన్ ప్లేస్‌లో దూరం రెట్టింపైన ప్రతిసారీ సౌండ్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మన గ్రౌండ్‌లో టాప్ బాక్స్‌ని తల ఎత్తులో పెడితే ముందు వరుసకి 3 మీటర్లు, వెనక వరుసకి 40 మీటర్లు. అంటే 13 రెట్ల దూరం, 22.5 డెసిబెల్స్ తేడా.

ఈ నంబర్ చిన్నది కాదు. వెనక వరుసలో 85 డెసిబెల్స్ రావాలంటే ముందు వరుసలో 107 మోగాలి. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం మీద పనిచేసే నియాష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ సౌండ్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలు, 107 దగ్గర సుమారు 3 నిమిషాలు. అంటే ఒక్క పాట పూర్తయ్యేలోపే లిమిట్ దాటేస్తుంది. ముందు వరుసలో కింద కూర్చునేది ఎక్కువగా చిన్నపిల్లలే అన్న సంగతి మర్చిపోవద్దు. లోపలి చెవిలో దెబ్బతిన్న హెయిర్ సెల్స్ తిరిగి పెరగవు.

పెద్ద ఆంప్ తెస్తే సరిపోతుంది కదా అంటారేమో. వాట్స్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్సే. 22.5 డెసిబెల్స్ కావాలంటే పవర్ దాదాపు 178 రెట్లు పెంచాలి. పైగా ఆ పవర్ ముందువాళ్లకి కూడా అంతే పెరుగుతుంది, తేడా ఒక్క డెసిబెల్ కూడా తగ్గదు. స్పెక్ షీట్‌లో వాట్స్ చూసి మురిసిపోయేవాళ్లు ఈ ఒక్క పాయింట్ గుర్తుంచుకుంటే చాలు.

ఎత్తు, వంపు: ఫ్రీగా వచ్చే అప్‌గ్రేడ్

అదే టాప్ బాక్స్‌ని 5 మీటర్ల ఎత్తుకి లేపామనుకోండి. కూర్చున్నవాళ్ల చెవి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి ముందు వరుసకి దూరం 3 నుంచి 4.8 మీటర్లకి పెరుగుతుంది. వెనక వరుసకి 40 కాస్తా 40.2 అవుతుంది, అంటే ఏమీ మారనట్టే. తేడా 22.5 నుంచి 18.4 డెసిబెల్స్‌కి పడిపోయింది. ఇది ఎత్తు పెంచినందుకే వచ్చింది.

ఇంకా ఉంది. బాక్స్ ముందున్న హారన్ ట్రెబుల్‌ని అన్ని వైపులా ఒకేలా పంపదు. స్పెక్స్‌లో "90 × 60 డిగ్రీలు" అని ఉంటే అడ్డంగా 90, నిలువుగా 60 డిగ్రీల్లో కవర్ చేస్తుందని అర్థం. ఆ అంచు దగ్గర లెవెల్ మధ్యలో కంటే 6 డెసిబెల్స్ తక్కువ ఉంటుంది. ఇప్పుడు హారన్‌ని చివరి వరుస వైపు గురిపెట్టండి. 5 మీటర్ల ఎత్తు నుంచి అయితే కిందికి 5 డిగ్రీల వంపు చాలు. అప్పుడు ముందు వరుస హారన్ మధ్యగీతకి 46 డిగ్రీలు కిందుంటుంది, అంటే 30 డిగ్రీల అంచు బయటే. ట్రెబుల్ వాళ్లకి కనీసం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మొత్తం తేడా 12 దగ్గరికి వచ్చేసింది, రూపాయి ఖర్చు లేకుండా. ముందు వరుసకి మరీ డల్‌గా అనిపిస్తే స్టేజ్ అంచున రెండు చిన్న స్పీకర్లు తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. వీటిని ఫ్రంట్ ఫిల్ అంటారు.

5 డిగ్రీలు ఎలా కొలవాలి? ఐఫోన్‌లో మెజర్ యాప్‌లో లెవెల్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఏ బబుల్ లెవెల్ యాప్ అయినా పనికొస్తుంది. ఫోన్‌ని బాక్స్ మీద పడుకోబెట్టి చూస్తే సరి. ఇంకో ట్రిక్: బాక్స్ పైకి లేపే ముందే ఫోన్ స్క్రీన్ వైపుని హారన్‌కి ఆనించి, వెనక కెమెరాతో ఒక ఫొటో తీయండి. ఫ్రేమ్ మధ్యలో ఏం పడిందో హారన్ అటే చూస్తోంది. అక్కడ జనం బదులు గోడో, టెంట్ పైకప్పో కనిపిస్తే వంపు మార్చాల్సిందే.

ఫంక్షన్ హాల్‌లో అయితే ఇది ఇంకా ముఖ్యం. గ్రానైట్ ఫ్లోర్, అద్దాలు, ఎదురెదురు గోడలు, అన్నీ సౌండ్‌ని వెనక్కి కొట్టేవే. అక్కడ వెనక వరుసకి లెవెల్ తగ్గే సమస్య కన్నా, గోడల నుంచి తిరిగొచ్చే సౌండ్ మాటని మింగేసే సమస్య ఎక్కువ. బట్టలు వేసుకున్న జనం సౌండ్‌ని పీల్చుకుంటారు, గోడలు విసిరికొడతాయి. అందుకే హారన్ ఎప్పుడూ జనం మీదికే ఉండాలి.

ఒక హెచ్చరిక. ఎత్తు అంటే రిస్క్ కూడా. స్టాండ్ ఎంత బరువు మోస్తుందో చూసుకోండి, కాళ్లు పూర్తిగా విప్పండి, ఇసుక బస్తాలు వేయండి. పైన కరెంటు తీగలు ఉన్నచోట స్టాండ్ గానీ ట్రస్ గానీ లేపొద్దు.

రెండు బాక్సులు పక్కపక్కన పెడితే డబుల్ అవుతుందా?

మన దగ్గర బాగా కనిపించే సెటప్ ఇది: ఒక్కో వైపు రెండేసి టాప్స్, పక్కపక్కన, రెండూ నేరుగా ముందుకే చూస్తూ. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. వినడానికే ఇబ్బంది.

రెండు బాక్సుల మధ్య సెంటర్ టు సెంటర్ 1 మీటర్ అనుకుందాం. మీరు నేరుగా ఎదురుగా కాకుండా 30 డిగ్రీలు పక్కకి ఉంటే, ఒక బాక్స్ సౌండ్ ఇంకోదాని కంటే అర మీటర్ ఎక్కువ ప్రయాణించి మీ దగ్గరికి వస్తుంది. 345 హెర్ట్జ్ దగ్గర అర మీటర్ అంటే సరిగ్గా సగం వేవ్‌లెంగ్త్. ఒకటి పైకి తోస్తుంటే ఇంకోటి కిందికి లాగుతుంది, రెండూ కలిసి సున్నా. అక్కడితో ఆగదు. 1035, 1725, 2415... ఇలా పైకి వెళ్తూనే గుంటలు పడతాయి. గ్రాఫ్ గీస్తే దువ్వెన పళ్లలా కనిపిస్తుంది కాబట్టే దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. నాలుగు కుర్చీలు జరిగితే గుంటలు వేరే ఫ్రీక్వెన్సీలకి మారతాయి. అందుకే ఈక్వలైజర్‌తో దీన్ని సరిచేయలేం. ఒక సీట్‌కి సరిచేస్తే ఇంకో సీట్ పాడవుతుంది.

దెబ్బ పడేది ఎక్కడంటే మాట మీద. అచ్చుల బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. "కోటి", "పోటీ", "చోటు" అనే మాటల్ని విడదీసి చెప్పే మొదటి హల్లు మాత్రం ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలో బతుకుతుంది. అక్కడ గుంటలు పడితే సౌండ్ వస్తూనే ఉంటుంది, మాటే అర్థం కాదు.

పరిష్కారం సింపుల్. ఒక బాక్స్ సరిపోతే ఒక్కటే వాడండి. రెండు కావాల్సిందే అంటే, వెనక అంచులు దగ్గరగా ఆనించి, ముందు వైపులు విడిపోయేలా తిప్పండి. 90 డిగ్రీల హారన్లయితే ఒకటి ఒక భాగాన్ని, రెండోది పక్క భాగాన్ని చూసుకునేలా పంచేయండి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒకే రికార్డ్‌ని ఇద్దరు ఒకేసారి ఎడిట్ చేయకుండా పని విడదీయడమే. పెద్ద కన్సర్ట్‌ల్లో వేలాడే లైన్ అర్రేల వెనకున్న ఐడియా కూడా ఈ గొడవ నుంచి పుట్టిందే. 1990ల మొదట్లో ఫ్రాన్స్‌కి చెందిన ఎల్-అకౌస్టిక్స్ వి-డాస్క్ సిస్టమ్‌తో ఆ దారి చూపించింది. విడివిడి బాక్సులు ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా, అన్నీ కలిసి ఒకే నిలువు సోర్స్‌లా పనిచేసేలా వేవ్‌గైడ్ డిజైన్ చేశారు.

బేస్ బాక్సులు: మధ్యలో దడదడ, పక్కన నిశ్శబ్దం

గ్రౌండ్ మధ్యలో నడుస్తూ పక్కకి జరిగితే బేస్ ఒక్కసారిగా మాయమవడం గమనించారా? మధ్యలో అదరగొట్టే ఆ దారికి సౌండ్ ఇంజనీర్లు పెట్టిన పేరు పవర్ ఆలీ.

స్టేజ్‌కి రెండు చివర్లా, 12 మీటర్ల దూరంలో రెండు బేస్ బాక్సులు ఉన్నాయనుకుందాం. స్టేజ్ నుంచి 15 మీటర్ల దూరంలో, మధ్యగీత నుంచి 4 మీటర్లు పక్కకి మీరు నిల్చున్నారు. ఒక బాక్స్ మీకు 15.1 మీటర్లు, ఇంకోటి 18 మీటర్లు. తేడా 2.9 మీటర్లు. అది 60 హెర్ట్జ్‌కి సగం వేవ్‌లెంగ్త్. కిక్ డ్రమ్ గుండెల్లో తగిలే ఫ్రీక్వెన్సీ సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆ సీట్‌లో అది రెండు బాక్సుల మధ్య కొట్టుకుపోయింది.

చిన్న సెటప్ అయితే బేస్ బాక్సులన్నీ ఒకేచోట, స్టేజ్ ముందు మధ్యలో నేల మీద కలిపి పెట్టండి. దూరం తేడా ఉండదు కాబట్టి గుంటలు ఉండవు. రెండు బాక్సులు దగ్గరగా ఉంటే లో ఫ్రీక్వెన్సీలో 6 డెసిబెల్స్ లాభం కూడా. స్టేజ్‌కి రెండు వైపులా బాక్సులు సిమెట్రీగా కనిపించాలని ఆర్గనైజర్ పట్టుబడితే, ఆయన్ని ఆ 4 మీటర్ల పక్క సీట్‌లో ఒక పాట నిలబెట్టండి. ఒప్పుకుంటారు.

వెనకవాళ్లకి ఇంకో సెట్: ఇక్కడే టైమ్ ఎంట్రీ ఇస్తుంది

40 మీటర్ల వెనక్కి సౌండ్ అందించడానికి ఇంకో దారి, గ్రౌండ్ మధ్యలో రెండో సెట్ స్పీకర్లు పెట్టడం. 22 మీటర్ల దగ్గర పెడితే మెయిన్ స్పీకర్లు అక్కడి దాకా చూసుకుంటే చాలు. మంచి ఐడియానే, ఒక చిక్కు ఉంది.

వైర్‌లో కరెంటు దాదాపు వెంటనే వెళ్లిపోతుంది. గాలిలో సౌండ్ మాత్రం మీటర్‌కి సుమారు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కాబట్టి వెనకున్నవాళ్లకి ముందు దగ్గరి స్పీకర్ మాట వినిపించి, 63 మిల్లీసెకన్ల తర్వాత స్టేజ్ నుంచి అదే మాట మళ్లీ వస్తుంది. ఆన్‌లైన్ గేమ్‌లో 63 పింగ్ అంటే ఎలాగో నెట్టుకొస్తాం. మాటలో అయితే ప్రతి అక్షరం వెనక ఇంకో అక్షరం తగులుకుంటుంది.

దీనికి మందు వెనక స్పీకర్లని కావాలనే లేట్ చేయడం. 1973 జులై 28న న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో జరిగిన సమ్మర్ జామ్‌కి దాదాపు 6 లక్షల మంది వచ్చారని అంచనా. అక్కడ స్టేజ్ నుంచి 200 అడుగుల దగ్గర ఉన్న టవర్లకి ఈవెంటైడ్ డిజిటల్ డిలే యూనిట్లతో 0.175 సెకన్ల ఆలస్యం ఇచ్చారు. 200 అడుగుల్ని సౌండ్ వేగంతో భాగించి చూడండి, దాదాపు అదే వస్తుంది. అప్పట్లో ప్రత్యేకంగా మెషీన్ తెప్పించుకోవాల్సిన పని ఇప్పుడు బెరింగర్ ఎక్స్32 లాంటి డిజిటల్ మిక్సర్‌లో ఒక సెట్టింగ్.

ఇంకో మ్యాజిక్ కూడా ఉంది. 1949లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ తన పరిశోధనలో చూపించింది ఇదీ: ఒకే మాట రెండు చోట్ల నుంచి వస్తే, ఏది ముందు చేరుతుందో అటువైపు నుంచే వస్తున్నట్టు మన మెదడు నిర్ణయించేస్తుంది. రెండోది సుమారు 30 మిల్లీసెకన్ల లోపు వస్తే విడి ఎకోలా వినిపించదు, కొంచెం లౌడ్‌గా ఉన్నా సరే. అందుకే లెక్కకి వచ్చిన డిలేకి ఇంకో 5 నుంచి 10 మిల్లీసెకన్లు కలుపుతారు. వెనక కూర్చున్నవాళ్లకి పక్కనున్న స్పీకర్ తెలియదు. మాట స్టేజ్ మీది మనిషి నోట్లోంచే వస్తున్నట్టు ఉంటుంది.

ఫోన్‌తో డిలే సెట్ చేయడం

1. వేగం లెక్కేయండి. సెకనుకి 331 + (0.6 × టెంపరేచర్) మీటర్లు. 32 డిగ్రీల సాయంత్రం అయితే సుమారు 350.

2. టేప్‌తో గానీ లేజర్ మీటర్‌తో గానీ మెయిన్ నుంచి డిలే స్పీకర్‌కి దూరం కొలవండి. ఫోన్ జీపీఎస్‌ని నమ్మొద్దు. 5 మీటర్లు తప్పు చూపిస్తే 14 మిల్లీసెకన్లు పోయినట్టే. 22 మీటర్లని 350తో భాగిస్తే 63 మిల్లీసెకన్లు. ఇది మీ స్టార్టింగ్ నంబర్.

3. ఇప్పుడు వెరిఫై చేద్దాం. డిలేని సున్నాలో ఉంచండి. డిలే స్పీకర్ వెనకాల 5, 6 మీటర్ల దూరంలో జనం కూర్చునే చోట ఫోన్ పెట్టి రికార్డింగ్ ఆన్ చేయండి. నాయిస్ సప్రెషన్ లేని, వేవ్ ఫైల్‌గా సేవ్ చేసే రికార్డర్ యాప్ అయితే మంచిది. మిక్సర్ నుంచి రెండు సెట్లకీ ఒకేసారి ఒక చిన్న "టిక్" సౌండ్ పంపండి.

4. ఆ ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీలో ఓపెన్ చేసి జూమ్ చేయండి. రెండు ముల్లులు కనిపిస్తాయి. మొదటిది దగ్గరి స్పీకర్, రెండోది మెయిన్. మధ్య గ్యాప్ ఎంతో అదే మీకు కావాల్సిన డిలే.

5. ఆ నంబర్ ఎంటర్ చేసి మళ్లీ రికార్డ్ చేయండి. రెండు ముల్లులు ఒకటైపోవాలి. ఆ తర్వాత 5 నుంచి 10 మిల్లీసెకన్లు కలిపి, ఎవరినైనా మైక్‌లో మాట్లాడమని చెప్పి నడుస్తూ వినండి.

ఫోన్ మైక్ ఇంత కచ్చితంగా చెప్పగలదా అనే డౌట్ రావొచ్చు. లెవెల్ విషయంలో ఫోన్‌ని గుడ్డిగా నమ్మలేం, ఎందుకంటే మోడల్‌కో రకంగా చూపిస్తుంది. టైమ్ విషయంలో మాత్రం ఢోకా లేదు. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగ్‌లో ఒక్కో శాంపిల్ 0.02 మిల్లీసెకన్లు, అంటే గాలిలో 7 మిల్లీమీటర్లు. మనకి కావాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంకా లోతుగా వెళ్లాలనుకుంటే ఒక మెజర్‌మెంట్ మైక్, ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకుని ఓపెన్ సౌండ్ మీటర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ట్రై చేయండి.

వాతావరణం కూడా ఆట ఆడుతుంది. ఎండాకాలం సాయంత్రం 38 డిగ్రీలున్నప్పుడు సెట్ చేసి, రాత్రి 28కి పడిపోతే 22 మీటర్లకి తేడా 1 మిల్లీసెకనే, వదిలేయొచ్చు. 100 మీటర్ల టవర్‌కి అది 5 మిల్లీసెకన్లు. పెద్ద షోల్లో మధ్యలో మళ్లీ చెక్ చేసేది అందుకే.

మిక్సర్‌లో డిలే సెట్టింగ్ లేకపోతే? వెనక రెండో సెట్ పెట్టే ఆలోచన మానేసి, మెయిన్స్‌ని ఇంకొంచెం పైకి లేపండి. లెక్క లేని రెండో సెట్ కన్నా ఎత్తులో ఉన్న ఒక సెట్ నయం.

టాప్‌కీ బేస్‌కీ మధ్య సంధి

టాప్, బేస్ రెండూ కలిసి పాడే చోటు సాధారణంగా 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కడ వేవ్‌లెంగ్త్ సుమారు 3.5 మీటర్లు. టాప్ కంటే బేస్ బాక్స్ 1.7 మీటర్లు ముందుంటే రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ముందుగా టేప్‌తో కొలిచి, ముందున్నదానికి ఆ మేరకు డిలే ఇవ్వండి. 1.7 మీటర్లకి 5 మిల్లీసెకన్లు.

తర్వాత ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 100 హెర్ట్జ్ టోన్ వేసి, బేస్ పొలారిటీ రివర్స్ చేయండి. డిలేని అటూ ఇటూ కొద్దిగా జరుపుతూ సౌండ్ ఎక్కడ బాగా తగ్గిపోతుందో చూడండి. ఆ పాయింట్‌లో పొలారిటీ మళ్లీ మామూలుగా పెడితే సౌండ్ గరిష్టంగా కలుస్తుంది. ఇక్కడ పోలికే ముఖ్యం కాబట్టి ఏ సౌండ్ మీటర్ యాప్ అయినా సరిపోతుంది. టేప్ నంబర్ నుంచి 5 మిల్లీసెకన్లకి మించి జరగొద్దు, జరిగితే పక్క సైకిల్‌లోకి వెళ్లిపోతారు.

బ్లూటూత్ పార్టీ స్పీకర్ కలపొచ్చా?

వైర్డ్ సిస్టమ్‌తో కలిపి మాత్రం వద్దు. మామూలు బ్లూటూత్‌లో 200 మిల్లీసెకన్ల వరకు లేటెన్సీ సహజం. అంటే ఆ స్పీకర్‌ని దాదాపు 70 మీటర్లు వెనక్కి తీసుకెళ్లి పెట్టినట్టు. ఆక్స్ కేబుల్ ఉంటే అది వాడండి.

రూల్స్ కూడా తెలుసుకోండి

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఓపెన్ ప్లేస్‌లో వాడకూడదు, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన రోజులు తప్ప. వేదిక సరిహద్దు దగ్గర సౌండ్ ఆ ఏరియా స్టాండర్డ్ కంటే 10 డెసిబెల్స్ మించకూడదు, లేదా 75 డెసిబెల్స్ దాటకూడదు, రెండిట్లో ఏది తక్కువైతే అది. రెసిడెన్షియల్ ఏరియా స్టాండర్డ్ పగలు 55, రాత్రి 45. కచేరీల్లో జనం చెవుల కోసం డబ్ల్యూహెచ్ఓ 2022లో చెప్పిన హద్దు 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్. జనం మీదికి మాత్రమే గురిపెట్టిన సిస్టమ్‌తో ఈ లిమిట్స్‌లో ఉండటం చాలా తేలిక. పక్కింటి గోడ మీదికి పోయే సౌండ్ ఎలాగూ వేస్టే కదా.

సౌండ్ చెక్‌కి ముందు చెక్‌లిస్ట్

• స్పీకర్లు మైకుల కంటే ముందుండాలి. వెనకుంటే కూత పెడుతుంది.
• టాప్స్ తలల పైనుంచి చూడాలి, చివరి వరుస వైపు వంచాలి.
• ఒకే ఏరియాని రెండు టాప్స్ కవర్ చేయకూడదు.
• బేస్ బాక్సులు ఒకేచోట, నేల మీద.
• ఒక్కో బాక్స్ పొలారిటీ చెక్. రెండు కలిపి వేస్తే బేస్ తగ్గితే ఎక్కడో వైర్ తిరగబడింది.
• ఎక్కువమంది ఒక వైపు స్పీకర్‌నే వింటారు కాబట్టి సిగ్నల్ మోనోలో పంపండి.
• టేప్ కొలత, డిలే, రికార్డింగ్‌తో వెరిఫికేషన్.
• చివరగా మిక్సర్ దగ్గర నుంచి లేచి ముందు వరుస, మధ్య, చివరి వరుస, రెండు మూలలు నడిచి వినండి.

ఈక్వలైజర్ ముట్టుకోవాల్సింది ఇవన్నీ అయ్యాకే. మీ కాలేజ్‌లోనో, వీధిలోనో తర్వాతి ఈవెంట్ ఉన్నప్పుడు మైక్ సెట్ వాళ్లు వచ్చే టైమ్‌కి ఒక గంట ముందే వెళ్లండి. కుర్చీలు వేయకముందే టేప్ పరిచి, దూరాలు ఒక పేపర్ మీద రాసివ్వండి. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవాళ్లకి చెవి ఎలాగూ ఉంటుంది, మీరు ఇవ్వాల్సింది నంబర్ మాత్రమే.